పూతరేకుల మాంత్రికుడు, పక్కా బ్యాలెన్స్!

కొత్త మాంత్రికుణ్ని పుట్టించడం మహా సులువు. పాత మాంత్రికుడి చేతిలో కర్ర లాగేసి వీణ పెట్టాలి, అగ్నిగోళానికి నీలం రంగు వెయ్యాలి, రెండు మంత్రాలు పెంచి ఒక శాపం తగిలించాలి. చివర్న ‘పూర్తిగా బ్యాలెన్స్ చేశాం’ అని రాస్తే పని ముగిసినట్టే. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట ఆడేవాళ్లలో ఈ కుటీర పరిశ్రమ మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది.

మాటవరసకి ఆత్రేయపురం నుంచి ఒక మాంత్రికుణ్ని దించారనుకోండి. ఆ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి వంశానికి లోటు లేదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డ దానిమీద ఒక్క లాగు లాగితే రేకు లేచి కవచమవుతుంది. నెయ్యి చిమ్మితే శత్రువు కాళ్లు జారతాయి. మరి లోపమో? తడి తగిలితే రేకు కరిగిపోతుంది. ఆహా, ఎంత తూకం! తీరా ఆట నడిపే డన్జన్ మాస్టర్ కథని ఎడారిలో పెట్టాడు. ఆట అయ్యేదాకా చుక్క నీరు లేదు. లోపం కాగితం మీదే ఉండిపోయింది, కవచం మాత్రం రోజూ పనిచేసింది.

తయారుచేసినవాళ్లు తప్పించుకునే లెక్క ఇక్కడే ఉంది. ఈ ఆటలో పాత్రల రకాలని క్లాసులంటారు; విజర్డ్, వార్‌లాక్ రెండూ మాంత్రికుల క్లాసులే. 2014 నాటి నిబంధనల్లో అయిదో లెవెల్ విజర్డ్‌కి రోజుకి తొమ్మిది స్లాట్లు, అంటే మంత్రం వేసే వంతులు. వాటిలో మూడో స్థాయివి రెండే. వార్‌లాక్‌కి ఉన్నవే రెండు, రెండూ మూడో స్థాయివే. గంట విశ్రాంతి తీసుకుంటే మళ్లీ వస్తాయి. రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు, మధ్యలో రెండు విశ్రాంతులు ఉంటాయని ఆ నిబంధనల అంచనా. అలా జరిగితే వార్‌లాక్‌కి ఆరు స్లాట్లు దక్కుతాయి, విజర్డ్ పక్కన నిలబడగలడు.

“ఇవాళ ఎన్ని యుద్ధాలండీ?”

“ఒక్కటేనండి. ఆ తర్వాత భోజనాలు.”

అంతే! విజర్డ్ తొమ్మిదీ గుమ్మరిస్తాడు, వార్‌లాక్ రెండు పేల్చి చేతులు కట్టుకుంటాడు. క్లాసులో ఒక్క అక్షరం మారలేదు, తూకం మాత్రం తిరగబడింది.

ఈ తూకం గొడవ కొత్తదేం కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి ఆటలో మొదటి లెవెల్ మాంత్రికుడికి రోజుకి ఒకే మంత్రం. 2008లో ఆట నాలుగో ఎడిషన్ అన్ని క్లాసులకీ ఇంచుమించు ఒకే చట్రం బిగించింది. తూకం కుదిరింది, ‘అందరూ ఒకేలా ఉన్నారు’ అనే గోల మొదలైంది.

1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమాలో దర్శకుడు కె.వి.రెడ్డి ఈ గొడవే పెట్టుకోలేదు. అందులో పాతాళభైరవి ప్రతిమ ఏది అడిగినా ఇస్తుంది, హద్దు లేదు. కాకపోతే దాని ధర నరబలి. ఆ ధర చెల్లించడానికి తోట రాముణ్ని తెచ్చిన నేపాళ మాంత్రికుడే బలైపోయాడు. ఎస్.వి.రంగారావు వేసిన ఆ మాంత్రికుడికి ఎన్ని స్లాట్లని ఏ ప్రేక్షకుడూ అడగలేదు.

అంచేత ఇకమీదట క్లాసు రాసేవాళ్లు ‘బ్యాలెన్స్’ అన్న ముద్ర తీసేసి, ఆ చోట రోజుకి ఎన్ని పోరాటాలకి లెక్క కట్టారో, ఎన్ని టేబుళ్ల దగ్గర ఆడించి చూశారో రాయాలి. రెండో అంకె దగ్గర సున్నా కనిపిస్తే ఆడేవాళ్లు ఆ కాగితాన్ని అక్కడే మడిచెయ్యొచ్చు.