గేదె బీమా: వినకూడని సలహాలు

పాడి గేదెకు బీమా చేయిద్దామనుకునే రైతుకు ఊళ్లో సలహాలకు కొదవ ఉండదు. పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడితే చాలు, అరడజను వినిపిస్తాయి. చెప్పేవాళ్లు చెడు కోరి చెప్పరు, నాలుగు రూపాయలు మిగులుతాయనే చెబుతారు. కానీ గేదె చనిపోతే ఆ ఇంటికి నెలజీతం ఆగిపోయినట్టే. అందుకే ఈ మాటలు వినొద్దని గట్టిగా చెబుతున్నాను.

"ఇప్పుడెందుకు దండగ, మేత మానేస్తే అప్పుడు చూద్దాం." పాలసీ మొదలుకాకముందే పట్టుకున్న జబ్బుతో చనిపోతే డబ్బు రాదు. మొదలయ్యాక కూడా, మామూలుగా మొదటి 15 రోజుల్లో సోకిన జబ్బుకు రాదు. ప్రమాదాలకు ఈ గడువు ఉండదు. పిడుగు పడినా, పాము కరిచినా, తెగిన కరెంటు తీగ తగిలినా పాలసీ మొదలైన నాటి నుంచే వర్తిస్తుంది. పిడుగు ఎప్పుడు పడుతుందో ఎవరికీ ముందు తెలియదు. జబ్బు సంగతి అలా కాదు, యజమానికి ముందే ఆనవాలు దొరుకుతుంది. కంపెనీ గడువు పెట్టింది అందుకే. గేదె ఆరోగ్యంగా నెమరేస్తున్నప్పుడే కట్టండి.

"పాత జబ్బు సంగతి డాక్టరు దగ్గర ఎత్తకు." అన్నిటిలోకీ ఎక్కువ చెరుపు చేసే మాట ఇదే. ఆరోగ్య ధ్రువపత్రం రాసేది పశువైద్యుడు. నిరుడు పొదుగువాపుకు మందులిచ్చింది ఆ ఆసుపత్రే అయితే రిజిస్టరులో ఉంటుంది. రేపు పోస్టుమార్టం చేసేదీ పశువైద్యుడే, ఆయన ముందు శవం ఏదీ దాచదు. గడ్డిలో కలిసిన ఇనుప తీగ ముక్కను గేదె మింగిందనుకోండి. అది పొట్ట రెండో అరలో గుచ్చుకుని, మెల్లగా గుండె వైపు జరుగుతుంది. రొమ్ము దగ్గర నీరు చేరి వాస్తుంది, మేత తగ్గుతుంది. మింగడం ప్రమాదం, చంపేది రోగం. ఏ పేరు పెట్టినా, ఎప్పుడు మొదలైందన్నదే ముఖ్యం. కోసి చూసినప్పుడు పొరలు అతుక్కుని గట్టిపడి ఉంటే అది వారాల నాటిదని తెలిసిపోతుంది. ఉన్నదున్నట్టు రాయిస్తే మహా అయితే ఆ ఒక్క జబ్బుకు రాదు. దాచి దొరికితే మొత్తం క్లెయిమే పోవచ్చు.

"టీకా వేయిస్తే పాలు తగ్గుతాయి." ఒకటి రెండు రోజులు కాస్త తగ్గొచ్చు, నిజమే. కానీ చాలా పాలసీల్లో గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు లాంటి జబ్బులకు టీకా వేయించిన ఆధారం చూపాలి. గాలికుంటు టీకా 2019 నుంచి జాతీయ పథకం కింద ఉచితంగానే వేస్తున్నారు. వేసిన తేదీ రాయించుకోండి.

"చెవి చీము పడుతోంది, పోగు తీసి దాచిపెట్టు." 12 అంకెల నంబరున్న ఆ పోగు చెవికి ఉంటేనే ఆ గేదె మీ గేదె. పోగు లేకపోతే క్లెయిము లేదు. పుండుకు మందు రాయించండి. పోగు ఊడిపోతే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి కొత్తది వేయించండి.

ధర పెంచి రాయించమనేవాళ్లూ ఉంటారు. బీమా మొత్తం, జబ్బు పడకముందు సంతలో పలికే ధర, ఈ రెంటిలో తక్కువదే ఇస్తారు. పెంచినందుకు మిగిలేది అదనపు ప్రీమియమే. కేంద్రం పశు బీమా పథకంలో రైతు వాటాను 2024లో ప్రీమియంలో 15 శాతానికి తగ్గించారు. అసలు ధరకే చేయించండి.

"మూడు చన్నులే పాలిస్తున్నాయి, వైకల్యం కింద అడుగు." వైకల్యం రక్షణ విడిగా తీసుకున్నా సరే, పాలివ్వడం గానీ చూలు కట్టడం గానీ శాశ్వతంగా, పూర్తిగా పోతేనే అది వర్తిస్తుంది.

చివరిది, "ఎండలు మండుతున్నాయి, ముందు పూడ్చేయి." వద్దు. మొదట కంపెనీకీ డాక్టరుకూ ఫోన్ చేయండి. చెవిపోగు నంబరు కనబడేలా ఫోటోలు తీయండి. పోస్టుమార్టం అయ్యాకే పూడ్చండి. ఒక్క సందర్భంలో మాత్రం కోయనివ్వొద్దు: ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచీ నోటి నుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మరోగమని అనుమానించాలి. అది మనుషులకూ సోకుతుంది. డాక్టరు చెవి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేస్తారు, క్లెయిముకు ఆ నివేదికే తీసుకోండి. చర్మం వలవనివ్వకుండా, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్పించండి.