ఆగిన బండి పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం (తేటగీతి)

అన్న! బండి యాగినదొకొ? యనుచు వచ్చి
ప్లగ్గు జూచితె? పెట్రోలు బండి నుండె?
శంక వీడుము, ట్యాపు రిజర్వు బెట్టు,
నాది యిట్టులె మొన్ననె నడుమ నాగె.

అవతారిక

కవి పేరు తెలియదు. హెల్మెట్ తీయలేదు కనుక ముఖమూ తెలియదు. కాలం మాత్రం చెప్పవచ్చు. ట్యాపు, రిజర్వు అన్న మాటలున్నాయి కాబట్టి ఇది కార్బొరేటర్ యుగపు రచన. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన వచ్చాక పుట్టిన బండ్లలో ట్యాపు దాదాపు కనబడదు.

దేశం మీదనే పండితులకు పేచీ. అమ్రాబాద్ అడవిలో, మన్ననూరు దాటాక దోమలపెంట చేరేలోగా జరిగిన సంఘటన అని ఒక పక్షం. అక్కడ రాత్రి 9కి గేటు వేస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. పొద్దు వాలుతుండగా బండి ఆగినవాడికి తప్ప ఇంకెవరికీ 'శంక వీడుము' అని చెప్పవలసిన పని లేదని వారి యుక్తి. రెండో పక్షంవారు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభం కింద అంటారు. అడవి అయితే 'ఆపి' అనేవాడు, 'వచ్చి' అన్నాడంటే పక్కనే పాన్ డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడని వారి తర్కం. టీకాకారుడు అడవి వైపే మొగ్గుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బండి ఆగితే ఒక్కడే రాడు.

మెదక్ సీమకు చెందిన కొలచాల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. ఉన్నవాడెవడూ ఆగిన బండి చుట్టూ చేరడు.

ప్రతిపదార్థం

అన్న = వయసుతో నిమిత్తం లేకుండా, రోడ్డు పక్కన బండి పట్టుకుని దిగాలుగా నిలబడ్డ ఓ మనిషీ; బండి = మోటారు సైకిలు; ఆగినదొకొ = ఆగిపోయిందా ఏమి (ఆగిందని కనబడుతూనే ఉన్నా); అనుచు వచ్చి = అంటూ తన బండికి స్టాండు వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, దగ్గరికి వచ్చి; ప్లగ్గు జూచితె = స్పార్క్ ప్లగ్గు విప్పి చూశావా; పెట్రోలు బండి నుండె = ట్యాంకులో పెట్రోలు ఉందా; శంక వీడుము = కంగారు పడకు; ట్యాపు రిజర్వు బెట్టు = పెట్రోలు ట్యాపును రిజర్వులోకి తిప్పు; నాది = నా బండీ; ఇట్టులె = అచ్చం ఇలాగే; మొన్ననె = మొన్ననే (ఈ మాట సంగతి కింద చూడండి); నడుమ నాగె = దారి మధ్యలో ఆగింది.

తాత్పర్యం

బండి ఆగి నిలబడ్డవాడి దగ్గరికి ముక్కూ మొహమూ తెలియనివాడొకడు వచ్చి మూడు పాదాల్లో సలహాలిచ్చి, నాలుగో పాదంలో తన బండి కథ చెప్పాడని భావం.

విశేషాలు

అన్న: హైదరాబాద్ ప్రతుల్లో 'భయ్య' అని, కృష్ణా గోదావరి ప్రతుల్లో 'బావ' అని ఉంది. గణం రెంటికీ సరిపోతుంది గానీ నాలుగో గణంలోని 'యనుచు'తో యతి కుదరదు. 'గురూ' అన్న పాఠానికి గణం కూడా కుదరదు. కనుక 'అన్న' అనడమే సాధువు. 'అక్క' అని పెట్టి చూడండి. గణమూ సరిపోతుంది, యతీ సరిపోతుంది. ఛందస్సుకు అభ్యంతరం లేదు, అభ్యంతరమంతా లోకానిదే. అక్క బండి ఆగితే ప్రశ్న ఆమెను దాటి పోతుంది. అప్పటికే ఆమె ప్లగ్గు విప్పి, తుడిచి చేతిలో పట్టుకుని నిలబడ్డా, వచ్చినవాడు "ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేశారా అండీ?" అంటాడు. ఇది పాఠదోషం కాదు, పాఠకదోషం.

ఇక్కడే ఒక మాట. ఆగిన బండికి పద్యం, కదిలే బండికి సూత్రం. ఎదురుగా వచ్చేవాడు "అన్నా, స్టాండు!" అనో, "అక్కా, చున్నీ!" అనో అరిచి పోతాడు. పగలు లైటు వెలుగుతుంటే వేళ్లు మూసి తెరిచి చూపేవాడు, పాపం, 2017 నుంచి కొత్త బండ్లకు లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుందని తెలిశాక ఆ ముద్ర మానుకున్నాడు. సూత్రాలకు వ్యాఖ్య రాసే వ్యవధి ఉండదు. చున్నీ సూత్రం అర్థం కాకపోతే వెనక చక్రమే వ్యాఖ్యానిస్తుంది.

అనుచు వచ్చి: స్పష్టం.

ప్లగ్గు జూచితె: పెట్రోలు ఉందో లేదో అడగకుండా ముందే ప్లగ్గు గురించి అడగడం క్రమభంగమనే దోషం కాదా అని శంక. దీనికి సమాధానం వక్త పెరిగిన శాఖను బట్టి చెప్పుకోవాలి. 1985లో వచ్చి 1996తో ఆగిన యమహా ఆర్ఎక్స్ 100 మీద చేయి తిరిగినవాడికి ప్లగ్గే ఆదిదైవం. అది టూ స్ట్రోక్ బండి. పెట్రోలుతో పాటు ఆయిలూ మండుతుంది, మసి వచ్చి ప్లగ్గు మొన మీద పేరుకుంటుంది, ఆ సందు పూడితే నిప్పురవ్వ దూకదు. అందుకే ఆ శాఖవారి జేబులో దువ్వెన ఉన్నా లేకపోయినా ఉప్పుకాగితం ముక్క ఉండేది. ఫోర్ స్ట్రోక్ శాఖవాడు మాత్రం ముందు ట్యాంకు ఊపి చప్పుడు వింటాడు.

ప్లగ్గు చూడటమంటే కేవలం కళ్లతో చూడటం కాదు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైందని, మసిబారి పొడిగా ఉంటే గాలి తక్కువైందని, ఇటుకపొడి రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉందని, అంటే తప్పు ఇంకెక్కడో ఉందని అర్థం. తర్వాత ప్లగ్గును దాని టోపీలోనే పెట్టి, ఇంజను ఇనుముకు ఆనించి, ఒకడు కిక్ కొడతాడు, ఇంకొకడు నీలం రవ్వ వచ్చిందా అని వంగి చూస్తాడు. ప్లగ్గు తీసిన కన్నంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది కాబట్టి దాని దగ్గర ఈ పరీక్ష నిషిద్ధం. వేడి ఇంజను మీది ప్లగ్గును చేత్తో పట్టుకోవడమూ నిషిద్ధమే, కానీ ఈ నిషేధాన్ని అందరూ అనుభవం ద్వారానే నేర్చుకుంటారు. బిగించేటప్పుడు ముందు వేళ్లతోనే తిప్పాలి. మర అడ్డంగా ఎక్కితే అక్కడితో ఈ పద్యం ముగిసి మెకానిక్ పద్యం మొదలవుతుంది.

"టూల్ కిట్ ఉందా అన్నా?" అన్న ప్రశ్న మూలంలో లేదు, అయినా ధ్వనిస్తుంది. సైడ్ మూత తీస్తే ఆర్సీ జిరాక్సు, గడువు తీరిన పొల్యూషన్ కాగితం, ఎందుకో ఒక అగరుబత్తి పెట్టె కనబడతాయి. పానా మాత్రం అడిగినవాడి బండిలోనే ఉంటుంది.

ట్యాపు రిజర్వు బెట్టు: పద్యానికి ప్రాణం ఇక్కడ ఉందని పూర్వ వ్యాఖ్యాతలు. చాలామందికి రిజర్వు అంటే ట్యాంకు లోపల దాచిన ఇంకో చిన్న ట్యాంకు అన్న భ్రమ ఉంది. అది అసత్యం. ట్యాంకు ఒక్కటే. ట్యాపు నుంచి లోపలికి రెండు దారులు: ఒకటి పొడుగు గొట్టం, రెండోది అడుగునే ఉన్న రంధ్రం. ట్యాపు 'ఆన్'లో ఉంటే పొడుగు గొట్టం మొన దాకా ఉన్న పెట్రోలే వస్తుంది. మట్టం అంతకంటే దిగితే బండి గొణిగి ఆగుతుంది. అప్పుడు అడుగు దారి తెరవాలి. అంటే రిజర్వు అనేది పెట్రోలు కాదు, ఒక హెచ్చరిక. కొందరు ఏడాది పొడుగునా ట్యాపు రిజర్వులోనే పెట్టుకుని తిరుగుతారు. వాళ్లకు హెచ్చరిక ఉండదు, బండి ఆగిన చోటే గమ్యస్థానం. పైగా ట్యాంకు అడుగున చేరిన తుప్పూ మట్టీ నేరుగా కార్బొరేటర్‌కు నైవేద్యం.

రిజర్వు కూడా అయిపోతే? 'బండి వంచు' అని ఉపదేశం. పెట్రోలు ట్యాంకు చట్రం మీద జీనులా రెండు పక్కలకూ దిగి ఉంటుంది. ట్యాపు చాలా బండ్లకు ఎడమవైపు. కుడి జేబులో చిక్కుకున్న కొద్దిపాటి పెట్రోలు ఎడమకు రావాలంటే బండిని ఎడమవైపుకు నేలకు ఆనేంత వంచి, ఒక్క నిమిషం ఆగి లేపాలి. దీంతో కిలోమీటరో రెండో నడుస్తుంది. ఇద్దరు మనుషులు ఒక బండిని పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా వంచుతుంటే దారిన పోయేవాళ్లు యాక్సిడెంటేమో అని ఆగుతారు. ఆగినవాళ్లూ సలహాదారులే.

శంక వీడుము: ఈ చోట కొన్ని ప్రతుల్లో 'మూత తీసి చూడు' అని ఉంది. ప్రక్షిప్తమే గానీ తోసిపుచ్చలేం. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడితే పెట్రోలు కిందికి దిగిన కొద్దీ లోపల శూన్యం ఏర్పడి ధార ఆగిపోతుంది. పెట్రోలు నిండుగా ఉంది, ప్లగ్గు మంచిదే, అయినా బండి నడవదు. ఇలాంటప్పుడు ఒకడు వచ్చి, ఏమీ అడగకుండా, ట్యాంకు మూత తెరుస్తాడు. 'హిస్స్' అంటుంది. కిక్ కొడితే స్టార్ట్. ఆ మనిషి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతాడు. తెలుగు సినిమాలో నాయకుడి ప్రవేశానికి ఇంతకంటే మంచి ఘట్టాన్ని టీకాకారుడు చూడలేదు.

బుల్లెట్ శాఖీయులకు ఈ పద్యం మీద పెద్ద గౌరవం లేదు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బండికి వేరే ఆగమం ఉంది. పాయింట్ల కాలపు బుల్లెట్‌లో హెడ్‌లైట్ డొప్ప మీద ఆమ్మీటర్ ఉంటుంది. తాళం తిప్పి, కిక్ మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు నడిమికి వచ్చి నిలుస్తుంది. అప్పుడు డీకంప్రెషన్ మీట పట్టి పిస్టన్‌ను కొంచెం దాటించి, మీట వదిలి, ఆపై ఒకే ఒక్క కిక్. ఈ క్రమం తప్పితే కిక్ రాడ్ వెనక్కి తన్ని పిక్క మీద గుర్తు వేస్తుంది. అందుకే ఈ శాఖవారు 'నడుమ నాగె' అన్నదానికి 'ఆమ్మీటర్ ముల్లు నడుమ ఆగింది' అని అర్థం చెప్పి, వక్త తన బండి ఒక్క కిక్‌కే స్టార్ట్ అయిందని గొప్పలు పోతున్నాడని వ్యాఖ్యానించారు. చమత్కారం బాగుంది. అయితే 'ఇట్టులె' అన్న పదం ఏమవుతుందో వారు చెప్పలేదు. అన్నట్టు, పాత బుల్లెట్‌కు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. సాయం చేయడానికి ఎక్కిన స్ప్లెండరువాడు బ్రేకనుకుని గేరు తొక్కితే ఉపకారం అపకారంగా పరిణమిస్తుంది.

నాది యిట్టులె: ఆలంకారికులు దీన్ని అర్థాంతరన్యాసం అన్నారు. కాదు. అందులో సామాన్యం, విశేషం ఒకదాన్నొకటి సమర్థించాలి, ఇక్కడ రెండూ విశేషాలే. ఇది పూర్ణోపమ. నీ బండి ఉపమేయం, నా బండి ఉపమానం, 'ఇట్టులె' ఉపమావాచకం, ఆగడం సాధారణ ధర్మం. నాలుగూ ఉన్నాయి, లోపమేమీ లేదు, బండ్లు రెంటిలో తప్ప.

ఇక 'మొన్ననె'. తెలుగులో మొన్న అంటే నిన్నటికి ముందురోజు అని బడిలో చెబుతారు. రోడ్డు మీద మొన్న అంటే నాలుగేళ్ల కిందటిదైనా కావచ్చు. అసలు ఆగిందా అన్నదే అనుమానం. ఒక పక్షం ఇది పచ్చి అబద్ధమంటుంది. వక్త బండి మొన్న ఆగలేదు, ఆగినా రిజర్వు వల్ల కాదు, అయినా అతడు చెప్పాడు. ఎందుకు చెప్పాడో తెలియాలంటే ఆగిన బండి పక్కన నిలబడ్డవాడి స్థితి చూడాలి. బస్సు కిటికీల్లోంచి జనం చూస్తారు. పిల్లలు వెనక్కి తిరిగి మరీ చూస్తారు. సర్వీసింగ్ చేయించలేదేమో, పెట్రోలు కొట్టించుకునే డబ్బుల్లేవేమో అనుకుంటారని అతడు అనుకుంటాడు. బండి ఆగితే మనిషిలో ఏదో లోటు బయటపడ్డట్టు సిగ్గు. మొదటి మూడు పాదాలూ ఆ సిగ్గును పెంచేవే: ప్లగ్గు చూశావా, పెట్రోలు ఉందా, ట్యాపు తిప్పావా అంటే పరీక్షాధికారి ప్రశ్నల్లా ఉంటాయి. "నాది కూడా మొన్న ఇట్లనే ఆగిందన్నా" అనగానే తప్పు మనిషి మీంచి బండి మీదికి, బండి మీంచి విధి మీదికి జరిగిపోతుంది. అది అబద్ధమే అయితే ధర్మశాస్త్రం ఒప్పుకున్న అబద్ధాల జాబితాలో చేర్చదగ్గది. ఈ టీకాకారుడి అభిప్రాయంలో పానా పట్టింది కూడా ఈ పాదమే.

పూర్వపక్షం: ఇప్పటి ఇంజెక్షన్ బండ్లకు ట్యాపు లేదు, రిజర్వు లేదు, వంచడం లేదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉండి తాళం తిప్పగానే 'జుయ్' మంటుంది. మరి ఈ పద్యం ఇక చెల్లదు గదా అంటే, చెల్లుతుంది. మూడో పాదంలో 'కిల్ స్విచ్ చూడు' అనో, 'సైడ్ స్టాండు తీశావా' అనో మార్చుకుంటున్నారు. స్టాండు దించి ఉంటే గేరు వేయగానే ఆగిపోయే బండ్లు వచ్చాయి కదా. గణాలు కుదరడం లేదు, అయినా ఎవరూ పట్టించుకోవడం లేదు. నాలుగో పాదం ఏ ప్రతిలోనూ మారలేదు.

ఉత్తరక్రియ: ఏ ఉపాయమూ పారనప్పుడు కాలితో తోయడం. చట్టం ఒప్పదు, హైవే మీద ప్రమాదం కూడా, అయినా అడవి దారిలో చట్టం ఫోన్‌కు సిగ్నల్ అందదు. వెనకవాడు తన బండిని సెకండ్ గేరులో నడుపుతూ ఆగిన బండి వెనక ఫుట్‌రెస్టు మీద పాదం ఆనించి తోస్తాడు. సైలెన్సర్ మీద ఆనిస్తే చెప్పు కరుగుతుంది. ముందున్నవాడు బండిని న్యూట్రల్‌లో ఉంచాలి, చెప్పకుండా బ్రేకు పట్టకూడదు, గుంత కనబడితే అరవాలి. ఆ కొద్ది దూరంలోనే ఏ ఊరు, ఏం పని, పిల్లలెంతమంది అన్నవన్నీ గాలిలో అరుచుకుంటూ తేలిపోతాయి. పెట్రోలు బంకు వస్తుంది. టీ కొట్టూ అక్కడే. టీ డబ్బులు ఎవరివన్న చోట ప్రతులన్నీ శిథిలం.