తారావేతన వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “జట్టు గెలవాలంటే పెద్ద ప్లేయర్ జీతం తగ్గించుకోవాలె.”

అవతారిక: ఈ మహావాక్యమును మొదట పలికిన వాడెవడో తెలియదు. గోదావరిఖని చౌరస్తాలో చాయగ్లాసు చేతబట్టి దీనిని వల్లించువానిని అడిగినచో తాను విన్నదే చెప్పుచున్నాననును. వానికి చెప్పినవానిని పట్టుకొన్నను అదియే యుత్తరము. ఎంత వెనుకకు నడచినను కర్త చిక్కకపోవుటచే, మీమాంసకుల మర్యాద ననుసరించి దీనిని అపౌరుషేయమని యొప్పుకొనక తప్పదు. కర్తయే లేనప్పుడు కర్తకుండు భ్రమప్రమాదాది దోషములు వాక్యమునకు అంటవు గదా! ఒక్క లోపము మాత్రము కలదు. వేదవాక్యమునకు అధ్యయనముతో పాటు అనుష్ఠానము కూడ నుండును; దీనిని కంఠస్థము చేసినవారిలో తన జీతమునుండి ఒక్క ఇంక్రిమెంటైన వదలుకొన్నవాడు ఇంతవఱకు మా కంటబడలేదు.

వ్యాఖ్యాతృసార్వభౌముడగు మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొలిచాలమవాడు. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు నాయన ప్రతిజ్ఞ. మొదటి సగమును మేము శిరసావహించుచున్నాము. రెండవ సగము విషయమున, ఆయన వ్యాఖ్య చేసినది కాళిదాసునకు గాని చౌరస్తా వాక్యమునకు కాదని సవినయముగా మనవి చేసికొనుచున్నాము.

ప్రతిపదార్థము: ‘జట్టు’, ‘గెలవాలంటే’, ‘పెద్ద ప్లేయర్’ సులభములు, వదలితిమి. ‘జీతం’ అననేమో బ్యాంకు మెసేజి కొఱకు ఫోను వంక చూచుచుండు ఈ బొగ్గుసీమ వారికి మేము నేర్పనక్కఱలేదు. ‘తగ్గించుకోవాలె’ అనుచోట ఆగవలసియున్నది. ఇది విధి. విధి యన్నచో దానికి అధికారి యెవడను ప్రశ్న వెంట వచ్చును. అనగా ఎవనిని ఉద్దేశించి చెప్పబడినదో, చేసినందువలన ఫలమెవనికి చెందునో తేలవలెను. వల్లించువారు ఈ ప్రశ్న దరిదాపులకు పోరు.

సందర్భము: వాక్యమునకు పుట్టినిల్లు అమెరికా బాస్కెట్‌బాల్. అచ్చటి ఎన్‌బీఏ వారు 1984-85లో, ఒక్కొక్క జట్టు ఆటగాండ్రందఱకు కలిపి ఈయదగిన జీతమునకు ఒక కట్టుబాటు పెట్టిరి. నాడది 36 లక్షల డాలర్లు. 2024-25 నాటికి 14 కోట్లు దాటినది. మేటివాడు కొంత తగ్గినచో ఆ మిగులుతో మంచి తోడు దొరకునని వాదము. వాదము బొత్తిగా పసలేనిదని మేమనము. శాన్ ఆంటోనియో జట్టు మేటి టిమ్ డంకన్ 2012లో, రెండుకోట్ల డాలర్లకు పైబడియున్న తన యేటి జీతమును కోటి లోపునకు దించుకొనెను. 2014లో ఆ జట్టు కప్పు గెలిచెను. న్యూయార్క్ నిక్స్ వారి జాలెన్ బ్రన్సన్ 2024 జూలైలో 4 ఏండ్లకు 15 కోట్ల 65 లక్షల డాలర్లకు సంతకము చేసెను; ఒక్క యేడు ఓర్చినచో 5 ఏండ్లకు 26 కోట్ల 90 లక్షల దాక అడుగ వీలుండెను. వీరు శిష్టులు. 2013లో 2 ఏండ్లకు 4 కోట్ల 85 లక్షలు పుచ్చుకొన్న కోబీ బ్రయంట్‌ను మాత్రము పలువురు స్వార్థపరుడని తిట్టిపోసిరి. మేటివాని జీతమునకు, ఆడిన యేండ్లను బట్టి కట్టుబాటులో 25, 30, 35 శాతములని ఇంకొక హద్దు ముందే కలదనియు, బజారులో రాగలదానిలో కొంత వాడు నియమముచేతనే అదివఱకే వదలుకొన్నాడనియు, తిట్టినవారిలో ఎందఱెఱుగుదురో!

విశేషము: జీతముల కట్టుబాటు అమెరికావారు కనిపెట్టిరనుకొనుట మన యువకుల యజ్ఞానము. జ్యోతిష్టోమమను సోమయాగమున ఋత్విజులు పదునార్గురు. దక్షిణ నూఱు గోవు లనుకొన్నచో, మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమునకు వ్యాఖ్యాతలు చూపిన లెక్క యిది: హోత, అధ్వర్యువు, బ్రహ్మ, ఉద్గాత యను నలువురకు తలకు 12, మైత్రావరుణుడు మొదలగు రెండవ వరుసకు తలకు 6, అచ్ఛావాకుడు మొదలగు మూడవ వరుసకు 4, గ్రావస్తుత్తు మొదలగు కడపటి వరుసకు 3. నలువదియెనిమిది, ఇరువదినాలుగు, పదునాఱు, పండ్రెండు. కూడిన సరిగా నూఱు, ఒక్క తోక యెక్కువ లేదు. కలసి పనిచేయు వారందఱును ఈ న్యాయముననే వాటాలు పంచుకొనవలెనని మనువు అచ్చటనే చెప్పుటచే, ఇది యజ్ఞశాలకే పరిమితమైన లెక్క కాదు. బంతియాటకును చెల్లును, బొగ్గుగనికిని చెల్లును.

గ్రావస్తుత్తనగా నెవడో తెలియని పాఠకుల కొఱకు రెండు మాటలు. ఈయన కన్నులకు వస్త్రము చుట్టుకొని, సోమలతను నలుగగొట్టు ఱాళ్లను స్తుతించును. అంతకు మించి యాయనకు పెద్ద పని లేదు. మ్యాచి యంతయు బెంచిపై కూర్చుండి తువ్వాలు ఊపు పదునైదవ ఆటగాడు తన వంశవృక్షమును వెదకికొన్నచో దాని మూలమున ఈ మహానుభావుడే కనబడును. ఆయనకు వచ్చినవి మూడే యావులు. అట్లని, “హోతా! నీ పన్నెండింటిలో నాలుగు వదలుకొమ్ము, యజ్ఞము బాగుగా సాగును” అని విధించిన సూత్రకారుడొక్కడైన మాకు తారసపడలేదు. హోత వదలిన యా నాలుగావులు గ్రావస్తుత్తు దొడ్డికి తోలబడునా, లేక యజమాని దొడ్డిలోనే నెమరువేయుచు నిలిచిపోవునా యను సందేహము ఆ పూర్వులకు కలిగియే యుండును. నిజమునకు హోతకు నూటికి పన్నెండే. నేటి తారకు ముప్పదియైదు దాక చెల్లును. అట్టి పెద్ద హోతలు మువ్వురు ఒక్క శాలలో చేరినచో నూటయైదగును, కట్టుబాటు నూఱే. 2010లో లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ మయామీలో చేరుచు, తోడివారికి చోటు మిగులునట్లు తలా కొంత తగ్గించుకొనుట ఇట్టి గణితము వలననే. అది ఋత్విజులు తమలో తాము చేసికొన్న సర్దుబాటు. దానిని మేము తప్పుపట్టము.

ఇక సత్రమును గూర్చి చెప్పక ముందుకు సాగుట మా తరము గాదు. సత్రమన్నంతనే అన్నము పెట్టు చావడి జ్ఞప్తికి వచ్చుట నేటి దౌర్భాగ్యము. శ్రౌతమున సత్రము పన్నెండు దినములకు తక్కువ కాని సోమయాగము. పదునేడ్గురకు తగ్గక, ఇరువదినలువురకు మించక ఆహితాగ్నులు చేరి చేయుదురు. అందఱును యజమానులే, అందఱును ఋత్విజులే. ఒకనిని గృహపతి యందురు గాని, ఫలమున వానికి ఒక పాలు హెచ్చు లేదు. ఇందు దక్షిణ లేదు! ఎందుకు లేదో జైమిని తన మీమాంసాసూత్రముల పదవ యధ్యాయమున విచారించెను. తక్కిన యాగములలో దక్షిణ యనునది పుణ్యము కొఱకు ఇచ్చునది కాదు. ఋత్విజుని పనికి ఒప్పించుటకై యిచ్చునది, తేటమాటలో కూలి. స్వర్గము యజమానికి, ఆవులు ఋత్విజునకు, లెక్క చెల్లు. సత్రమున స్వర్గము అందఱిదీ యగుటచే ఎవడెవనికి కూలి యిచ్చును? కనుక అచ్చట ఎవడును ఏమియు పుచ్చుకొనడు, ఎవడును చిన్నబుచ్చుకొనడు.

ఇందే యొక చిక్కు పుట్టును. సత్రము నడుమ ఒకడు మరణించినచో సంఖ్య చెడును. సంఖ్య నింపుటకు మఱియొకనిని తెత్తురు. వాడు కూడ ఫలమునకు స్వామియా? కాడని సిద్ధాంతము, వాడు పనిచేయువాడు మాత్రమే. కనుక బదిలీ వర్కరనువాడు మా సింగరేణి బొగ్గుగనులలో పుట్టెనని తలచుట పొరపాటు. జైమినికి వాడు చిరపరిచితుడు. సందేహము గలవారు మాతో వాదమునకు దిగుటకు ముందు, దగ్గఱనే యున్న మంథనికి పోయి వేదపండితుల నడిగి రాగలరు.

ఎన్‌బీఏ జట్టున పూర్తి యొప్పందపువారు 15 మంది; సత్రమునకు ఇద్దఱు తక్కువ. 2023-24 నుండి ఇరుదెసల ఆడు అర్ధయొప్పందపువారు మువ్వురుండవచ్చును గనుక, కూడిన 18. సంఖ్యచే సత్రము సిద్ధించినది; స్వామ్యముచే సిద్ధింపదు. ఆటగాడు జట్టులో వాటాదారుడు కారాదని అచ్చటి నియమము. మైకేల్ జోర్డన్ అంతటివాడు 2001లో వాషింగ్టన్ పక్షమున మరల బంతి పట్టుటకు ముందు, ఆ జట్టులోని తన వాటాను వదలుకొనవలసి వచ్చెను. ఋత్విజుడు యజమాని కాగూడదు. కాని దక్షిణ వదలుకొనునప్పుడు మాత్రము యజమానివలె వదలుకొనవలెను! పదునేడ్గురు శ్రౌతులను కూర్చుండబెట్టినను ఈ ముడి విప్పలేరు.

పాఠకుడు ఈపాటికి, బంతియాట మీద ఇంత కసి యెందులకని అడుగును. మాకు ఒళ్లు మండించినవాడు వేఱు. క్రీడోత్సవమున కప్పులు పంచుటకు వచ్చి, గని దిగి వచ్చిన ఆటగాండ్రను ఎండలో వరుసగా నిలువబెట్టి, అమెరికా తారల త్యాగమును అరగంట వర్ణించి, “మనం కూడా ఇట్లనే సంస్థ కోసం కొంత తగ్గాలె, సంస్థ మనది” అని ముగించు ముఖ్యఅతిథి యున్నాడే, ఆయన. ఆయన పేరు మాకక్కఱలేదు. ఏటేటా మాఱును, ఉపన్యాసము మాఱదు. ఎదుట నిలిచిన పిల్లవానికి ఆటకు వేఱు జీతము లేదు. వానిది గనిలోని మస్టరే. వాడు తగ్గించుకొనవలసినది ఏ కోట్లలోనో ఆయన సెలవీయలేదు.

తగ్గుట మాత్రము జరుగుచునేయున్నది. దసరా ముందు ప్రకటించు లాభాలవాటా సంగతి యిది. 2023-24కు సింగరేణి లాభము 4,701 కోట్లనిరి. అందు 2,289 కోట్లు విస్తరణకని ముందే ప్రక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతము, అనగా 796 కోట్లు, కార్మికులకు ప్రకటించిరి. మఱుసటి యేడు ఆర్జన 6,394 కోట్లు. ప్రక్కన పెట్టినది 4,034 కోట్లు. మిగిలిన 2,360 కోట్లలో 34 శాతము, 802 కోట్ల చిల్లర. శాతము ముప్పదిమూడు నుండి ముప్పదినాలుగునకు పెరిగెనని పూలదండలు, పాలాభిషేకములు. మొత్తము మీద లెక్కించినచో నూటికి పదునేడుగా నున్న వాటా పన్నెండున్నరకు దిగినది! పెరుగుచు తగ్గుట యను ఈ యలంకారమునకు అప్పయ్యదీక్షితులు లక్షణము చెప్పినట్లు లేదు. విరోధాభాసమందుమా, ఇందు ఆభాసము లేదు, విరోధమే. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో పండుగ బేరమునకు వచ్చిన యిల్లాలు, బట్టల దుకాణములో చీర మడత విప్పుచు, “ముప్పైనాలుగంటిరి గదా, ఏడ పోయినయి?” అని పెనిమిటి నడిగిన, ఆయన గోడమీది క్యాలెండరు చూచుచుండును.

పూర్వపక్షము: బొగ్గు తఱుగును, క్రొత్త గనులు కావలెను, పెట్టుబడి ఎక్కడనుండి వచ్చును? న్యాయమైన ప్రశ్న. ఒడిశాలోని నైనీ గనిలో 2025 ఏప్రిల్‌లో తవ్వకము మొదలైనది. జైపూర్‌లో 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రము నడుచుచున్నది. ఇవి యూరక రాలేదు. 1990లలో సంస్థ నష్టములలో మునిగి రెండుమార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప త్రొక్కినదనియు, అటుపిమ్మట గట్టెక్కి 10 శాతముతో లాభాలవాటా ఆరంభించినదనియు ఈ ప్రాంతమున వెండ్రుకలు నెరసినవారందఱకు తెలియును. ఆ గట్టెక్కుటలో, లక్షకు పైబడియున్న కార్మికులు నేడు నలుబది వేల దాపునకు తగ్గుట కూడ కలదు. త్యాగమను మాటకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము అమెరికాలో వెదకనక్కఱలేదు.

సిద్ధాంతము: ప్రక్కన పెట్టుటకు మేము విరోధులము కాము. ఇది సత్రమా, యాగమా తేల్చి చెప్పుడని మా యభ్యర్థన. యజమానులు ఇర్వురు: రాష్ట్రమునకు 51 పాళ్లు, కేంద్రమునకు 49. ఋత్విజునకు ఒక్క పాలును లేదు. ఎంత ప్రక్కన పెట్టవలెనను సంకల్పమును చెప్పునాడు వానిని పిలువరు, అప్పుడది యాగము. వాటా తగ్గెనేమని వాడడుగునాడు “సంస్థ మనది” యందురు, అప్పుడది సత్రము. ఇట్లు ఉదయము నొక కల్పసూత్రము, సాయంకాలము నొక కల్పసూత్రము పట్టి నడచు కర్మకు ఏ శాఖవారును ప్రాయశ్చిత్తము వ్రాసియుండలేదు. సత్రమే యందురా, సంతోషము. రాష్ట్ర విద్యుత్ సంస్థలు బొగ్గుకు చెల్లింపవలసిన బకాయిలు వేలకోట్లున్నవి గదా, గృహపతి మొదట వానిని శాలలోనికి తోలించి, ఆమీద పంక్తిలో కూర్చుండవలెను.

చమసాధ్వర్యులని పది మంది కలరు. సోమపాత్రలు మోయుదురు, ఋత్విజుల లెక్కలోనికి రారు. ఓపెన్‌కాస్టులో మట్టి యెత్తు కాంట్రాక్టు కార్మికుడు అట్టివాడు. 2024లో మొట్టమొదటిసారిగా వానికి 5,000 రూపాయలిచ్చిరి; పర్మనెంటువానికి సగటున లక్షా తొంబదివేలు. గ్రావస్తుత్తునకు హోత వాటాలో నాలుగవ వంతు దక్కెను. ఇచ్చట భాగహారము చేసి చూచిన ముప్పదియెనిమిదవ వంతు మాత్రమే. పెద్ద ప్లేయర్ తగ్గినచో చిన్నవానికి దక్కునని గదా మూలవాక్యపు ప్రతిజ్ఞ! ప్రక్కన పెట్టిన 2,289 కోట్లలో చిన్నవాని దొడ్డికి తోలబడిన యావులెన్నో, ఆ భాగమునకు సంబంధించిన తాళపత్రము మాకు లభింపలేదు.

ఇది గోదావరీ దక్షిణతీర రామగుండ ప్రాంత వాస్తవ్యుడును, నెలకు మూడు తీర్లుగా షిఫ్టులు మాఱువాడును నగు నొక సర్కారుబడి సంస్కృతము చదివిన ఓవర్‌మ్యాను రచించిన తారావేతన వ్యాఖ్యయందు ప్రథమవాక్యము. “సంస్థ మనది” యను ద్వితీయవాక్యమునకు టీక, వచ్చు దసరా ముందు శాతము ప్రకటించిన మఱునాడు ఆరంభింపబడును.