ఇదే చివరి సీజను సార్!

పాత్రలు: అల్లుడు (గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు, చేతిలో సెల్ఫీ కర్ర), మామగారు (ఖమ్మంలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు, ఎవరూ అడక్కపోయినా చెబుతాడు), ఏజెంటు (భద్రాచలంలో పాపికొండల టిక్కెట్లు అమ్ముతాడు), మైకు (మనిషే, కానీ మైకు లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు), అవ్వ (పేరంటపల్లి రేవులో వెదురు సామాను అమ్ముతుంది). మామగారి కూతురు కూడా వచ్చింది. పిల్లలు నీళ్లలో పడకుండా పట్టుకునే పనిలో ఉంది కనుక ఆమెకు మాట్లాడే తీరిక దొరకలేదు.

సంక్రాంతి సెలవులు. పొద్దున్నే భద్రాచలం కరకట్ట మీద, మంచులో.

అల్లుడు: నిజం చెప్పన్నా, సముద్రం చూసినట్టు ఉంటుందా? మేం వైజాగు, భీమిలి, సూర్యలంక అన్నీ చూసేశాం.

ఏజెంటు: అదేంది సార్ అట్లంటరు? ఈ నీళ్లే కదా పోయి బంగాళాఖాతంలో కలిసేది. ఉప్పగా అయినంక చూసే బదులు తియ్యగా ఉన్నప్పుడే చూడండి. పైగా ఇదే చివరి సీజను. పోలవరం నిండిందంటే ఇవేవీ ఉండవు.

మామగారు: 2008లో మా స్కూలు పిల్లల్ని తెచ్చినప్పుడూ ఇదే మాట అన్నావు కదయ్యా.

ఏజెంటు: అప్పుడన్నది మా నాన్న మాస్టారూ. నేను పక్కన నిలబడి టిక్కెట్లు చింపిన.

అల్లుడు: చివరి సీజనంటే ఇక ఆలోచించేదేముంది మావయ్యగారూ! అన్నా, అందరికీ రాసెయ్.

ఏజెంటు: ఆధార్ కార్డులియ్యండి.

అల్లుడు: పడవెక్కడానికి ఆధారా? అమెరికా వీసాకి కూడా ఇన్ని అడగలేదు.

మామగారు: ఇవ్వండి అల్లుడుగారూ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో బోటు మునిగితే అసలు ఎంతమంది ఎక్కారో తేల్చడానికే రోజులు పట్టింది. బోటును పైకి తీయడానికి నెల దాటింది. లెక్క రాయడం ఆ తర్వాత నేర్చుకున్నారు.

అల్లుడు: పొద్దున్నే ఎందుకండీ అవన్నీ. అన్నా, గోదారి ఇంత సన్నగా ఉందేంటి? ఫొటోలో నిండుగా చూపించారు. ఒడ్డు నిండా పారేటప్పుడు చూడాలంటే ఎప్పుడు రావాలి?

ఏజెంటు: జులై, ఆగస్టులో రండి సార్. అప్పుడు టిక్కెట్ కూడా అక్కర్లేదు. గోదారే మీ లాడ్జికి వస్తది.

మామగారు: 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. మీరు నిలబడ్డ ఈ కట్ట లేకపోతే ఆ ఏడు ఊరి సంగతి ఏమయ్యేదో రాముడికే తెలియాలి.

అల్లుడు: (కట్ట మీద నిలబడి సెల్ఫీ దిగుతూ) సూపర్! క్యాప్షన్ దొరికింది.

ఏజెంటు: సార్, రేపు పర్ణశాల కూడా కలుపుకోండి. సీతమ్మ నారచీరలు ఆరేసిన రాళ్లు, రావణాసురుడు, బంగారు లేడి, అన్నీ ఉంటయ్.

అల్లుడు: బంగారు లేడి ఒరిజినలేనా?

ఏజెంటు: సిమెంటుది సార్. పెయింటు మాత్రం కొత్తది.

మామగారు: రాముడు వెంటబడిన దాని కంటే నయం, ఇది కనీసం పరిగెత్తదు. దారిలో దుమ్ముగూడెం ఆనకట్ట చూడాలి అల్లుడుగారూ. కాటన్ దొర కాలంలో, సముద్రం నుంచి మధ్య భారతం దాకా గోదారి మీద స్టీమర్లు నడిపి పత్తి తరలిద్దామని కట్టిందది. 1870లు వచ్చేసరికి ఖర్చు చూసి చేతులెత్తేశారు. అక్కడ ఒక్క సెల్ఫీ కర్ర కూడా కనబడదు.

అల్లుడు: అక్కడ పెయింటు లేదేమో మావయ్యగారూ.

(జీపు బయల్దేరింది. గుడి గోపురం కనిపించగానే మామగారు దండం పెట్టుకుని, దండం పూర్తికాకముందే మొదలెట్టారు.)

మామగారు: కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని తానీషా గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదులో పెట్టాడు. ప్రభుత్వ డబ్బుతో కట్టినందుకు జైలుకెళ్లాడు, గమనించండి. ఇప్పుడు కట్టనందుకు కూడా ఎవరూ వెళ్లడం లేదు.

అల్లుడు: (చిప్స్ పాకెట్ ఖాళీ చేసి జీపులోంచి విసిరేస్తూ) సిస్టమ్ బాగుపడదండీ.

ఏజెంటు: సార్, ఆ కవరు పడింది ఆంధ్రాల. మీరు తిన్నది తెలంగాణల.

అల్లుడు: అదెట్లా? ఇంకా ఊరు కూడా దాటలేదుగా?

మామగారు: 2014లో ఏడు మండలాలు అటు కలిపారు. ఊరూ, రాముడూ మాత్రం ఇటు మిగిలారు. ఊళ్లో చెత్త పోసుకునే జాగా కూడా లేదు. ఎటు రెండడుగులు వేసినా పక్క రాష్ట్రం. స్వామివారి భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, అదీ అటే. టిక్కెట్ ఇక్కడ కొన్నారా, పడవ పోచవరంలో ఎక్కుతారు, అది ఆంధ్ర. ఈ తాలూకా ఒకప్పుడు తూర్పు గోదావరిది, 1959లో ఖమ్మానికిచ్చారు, 2016లో కొత్తగూడానికిచ్చారు. గోదారి ఒక్కటే చిరునామా మార్చుకోలేదు.

(కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు దాటాక అల్లుడు నిద్రపోయాడు. పోచవరం రేవులో లేచాడు. బోటు కదిలింది. పై అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు, రెండు స్పీకర్లు. ఒక్కో స్పీకరు ఒక్కో కుర్చీకి రెట్టింపు.)

మైకు: హలో హలో! రాజమండ్రి నుంచి ఎవరొచ్చారు? చేతులెత్తండి! హైదరాబాద్? ఓ... అరుపులేవీ? మీ కుడిపక్కన ప్రకృతి! ఎడమపక్కన కూడా ప్రకృతి! ఇప్పుడు జంటలు స్టేజీ మీదకి రావాలి!

అల్లుడు: ఎంత ప్రశాంతంగా ఉందండీ.

మామగారు: (అరిచి) ఏమన్నారు?

అల్లుడు: (ఇంకా గట్టిగా) ప్రశాంతంగా ఉందంటున్నా!

మైకు: లైఫ్ జాకెట్ ఫొటో దిగాక తీసెయ్యకండి సార్, ఫొటో కోసం ఇచ్చింది కాదు అది! భోజనంలో సాంబారు, బంగాళదుంప వేపుడు! అదిగో, దూరంగా పాపికొండలు! మళ్లీ చూస్తారో లేదో, కళ్లారా చూసుకోండి!

మామగారు: ఈ పోలవరం డ్యాము ఆలోచన ఇప్పటిది కాదు. 1940లలోనే మద్రాసు ఇంజినీర్లు గీశారు. దానికి రామపాద సాగరమని పేరు పెట్టారు. నీళ్లు నిలబడితే భద్రాద్రి రాముడి పాదాల దాకా వస్తాయని.

అల్లుడు: అబ్బ, ఏం బ్రాండింగండీ!

మామగారు: మరే. పాదాల దాకా రావాలంటే మధ్యలో ఎవరి గుమ్మాలు దాటాలో పేరులో పట్టలేదు. 1981లో అంజయ్యగారు శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయి, ఎన్ని గడువులు మారాయి! నీటిమట్టం లెక్క మాత్రం 45.72 మీటర్లని సెంటీమీటరుతో సహా కంఠతా వచ్చు అందరికీ. అంత కచ్చితంగా ఊళ్లలో మనుషుల లెక్క ఎవరినైనా అడగండి చూద్దాం.

అల్లుడు: మీరు ప్రతిదాన్నీ సీరియస్‌గా తీసుకుంటారు మావయ్యగారూ. ఆహా, సిగ్నల్ పోయింది! ఇదండీ లైఫంటే. ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ఇక్కడే ఓ గుడిసె వేసుకుని ఉండిపోవాలనిపిస్తోంది.

మామగారు: గుడిసెలో ఉన్నవాళ్లని ఖాళీ చేయమంటున్నారు. మీరడిగితే ఇస్తారేమో కనుక్కోండి.

(పేరంటపల్లి. బోటు ఆగింది. పైన శివాలయం, రామకృష్ణ మునివాటం. మౌనంగా ఉండాలని చెబితే జనమంతా ఆ సంగతి ఒకరికొకరు అరుచుకుంటూ మెట్లెక్కారు. అల్లుడు రేవులోనే ఆగిపోయాడు. అక్కడ గోనెపట్టా మీద వెదురు పువ్వులు, పూలసజ్జలు, పిల్లల విల్లంబులు. పువ్వుల రేకులు కత్తితో ఉల్లిపొర అంత పల్చగా చీల్చి, చివర్లు మెలితిప్పి, గులాబీ రంగులో ముంచినవి. అవ్వ వేళ్లకు కూడా అదే గులాబీ రంగు.)

అల్లుడు: ఎంతవ్వా ఈ సజ్జ?

అవ్వ: నూట యాభై ఇయ్యి బాబూ.

అల్లుడు: నూట యాభైయ్యా! వెదురు అడవిలో ఊరికే దొరుకుద్ది కదా?

అవ్వ: గోదారి నీళ్లూ ఊరికే దొరుకుతయ్. నీ చేతిల సీసా ఎంత పెట్టి కొన్నవ్?

మామగారు: (చాలాసేపటి తర్వాత మొదటిసారి నవ్వి) తీసుకోండి అల్లుడుగారూ.

అల్లుడు: ఎనభైకిస్తావా? సరే, వంద. స్కానర్ ఏది?

అవ్వ: ఏంది?

అల్లుడు: ఫోన్‌పే. అయ్యో... సిగ్నల్ లేదు కదూ. ఛ! ఈ రోజుల్లో కూడా టవర్ లేకపోతే ఎట్లాండీ? మావయ్యగారూ, వంద కాగితముందా?

(మామగారు నూట యాభై తీసి అవ్వకిచ్చారు. అల్లుడు సజ్జ తలమీద పెట్టుకుని, అవ్వ పక్కన చేరి, కర్ర చాచాడు.)

అల్లుడు: అవ్వా, ఇటు చూడు. నవ్వకు, నేచురల్‌గా ఉండు. ఇళ్లెక్కడ మీవి?

అవ్వ: ఆ ఒడ్డున. మునిగిపోద్దంట కదా, అందుకని రోడ్డెయ్యమంటే ఎయ్యరు, ఇల్లు శాంక్షన్ చెయ్యమంటే చెయ్యరు. కప్పు కారుతా ఉంటది. మునిగేది నీళ్లొచ్చినంక గదా అయ్యా, అప్పుడిదాక తడవాల్నా? ఏటేటా ఎవరో ఒకరొస్తరు. సర్వే అని రాసుకుంటరు, ఫొటో దింపుకుంటరు. మొన్న లిస్టు వచ్చింది. ప్యాకేజీలో నా పేరు లేదు. ఇక్కడ ఉంటున్నట్టు రుజువు తెమ్మన్నరు.

మైకు: (దూరం నుంచి) టైమయిపోయింది, టైమయిపోయింది! రానివాళ్లని వదిలేసి వెళ్లిపోతాం!

అవ్వ: బాబూ, ఈ ఫొటోల నేను పడ్డనా?

అల్లుడు: భలే పడ్డావవ్వా! చూడు, వెనక గోదారి, కొండలు, నువ్వు... వైరల్ అయిపోద్ది.

అవ్వ: తేదీ పడుద్దా దాని మీద?

అల్లుడు: తేదీనా? ఉంటుంది లోపల... కానీ ఫిల్టర్ వేసి పెట్టేటప్పుడు అదంతా పోతుందవ్వా.

అవ్వ: అయితే ఆ ఫిల్టరేదో తీసేసి ఒక కాపీ పంపియ్యి బాబూ. మా ఊరి పేరు చెప్తా, రాసుకో.