బోనాలకు వచ్చే చుట్టాలకు కొన్ని సూచనలు

మీరుండేది కొండాపూర్‌లోనో మణికొండలోనో అయ్యుంటుంది. ఉప్పల్ అంటే మీకు క్రికెట్ స్టేడియం. నాచారం అంటే ఏమీ కాదు. ఎండలు తగ్గి నాలుగు వానలు పడ్డాక, ఆషాఢంలో అక్కడి పెద్దమ్మ ఫోన్ చేస్తుంది: "ఆదివారం బోనాలు బిడ్డా, పిల్లల్ని తోల్కొని రాండ్రి." పోక తప్పదు. ఎలా పోవాలో, పోయాక ఏం చేయాలో తెలియకపోతే పరువు పోతుంది కాబట్టి ఈ సూచనలు.

ముందు తేదీ సంగతి. పెద్దమ్మ చెప్పింది నమ్మకండి, ఫోన్‌లో వెతకండి. గోల్కొండలో మొదలై, లష్కర్ అనే సికింద్రాబాద్ మీదుగా లాల్‌దర్వాజకు చేరే వరస అందులో కనిపిస్తుంది. 2025లో అవి జూన్ 26, జులై 13, జులై 20న జరిగాయి. సోమవారం సర్కారు సెలవు కూడా లాల్‌దర్వాజ బోనాల మర్నాడే కాబట్టి ఆ ఆదివారమే ఖాయం చేసుకుని బయల్దేరండి. పెద్దమ్మ ఇంటికి తాళం వేసి ఉంటుంది. ఆ రోజు ఆమె ఇంకో బస్తీలో ఉన్న చెల్లెలింటికి బోనాలకు పోయింది. శివార్లలో ఏ బస్తీ బోనాలు ఏ ఆదివారమో అక్కడి గుడివాళ్లు, పెద్దలు కూర్చుని అనుకుంటారు. కొన్నిచోట్ల శ్రావణంలోకీ పోతాయి. అందరివీ ఒకే రోజైతే ఒకరింటికి ఒకరు పోయి తినేదెట్ల? ఇంత చిన్న లెక్క ఫోన్‌కు తెలియదు.

సరే, రెండోసారి సరైన ఆదివారమే వచ్చారు. కారులోనే రండి. రాయదుర్గంలో ఎక్కితే ఉప్పల్‌లో దించే మెట్రో ఉందని, రింగ్ రోడ్డు దాటడానికి 2023లో స్కైవాక్ కూడా తెరిచారని ఎవరో చెబుతారు. వినకండి. మెట్రోలో వస్తే కొత్త కారు ఎవరు చూస్తారు? దాన్ని సరిగ్గా గల్లీ మొగదల ఆపండి. సాయంత్రం ఫలహారం బండి ఆ మూలే తిరగాలి. అప్పుడు డప్పులు ఆగి, మైకులో మీ కారు నంబరు మూడుసార్లు చదువుతారు. బస్తీకి పరిచయం కావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

తెల్ల చొక్కా వేసుకోండి. పసుపు నీళ్లు, కుంకుమ, సాక పోసేటప్పుడు పడే చుక్కలు దాని మీద బాగా తేలతాయి.

ఇంట్లోకి వెళ్లగానే వంటింటి గుమ్మంలో నిలబడి "నేనేమన్నా చేయాలా?" అని అడగండి. అక్కడ వదిన తెల్లవారుజామున లేచి, తలస్నానం చేసి, కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమల బొట్లు పెట్టి, లోపల పాలు బెల్లం వేసి వండిన అన్నం నింపి, మెడకు వేపమండలు కట్టి ఉంటుంది. పైన మూకుడు, మూకుడు మీద దీపం. చేయడానికి మిగిలింది మోయడం ఒక్కటే. ఆ మాట ఆమె అనకముందే మీరు ఫోన్ చూసుకుంటూ వాకిట్లోకి వచ్చేయండి.

గుడి దగ్గర క్యూలో ఆమె నిలబడ్డప్పుడు మీ అసలు పని మొదలవుతుంది. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద కుండ, కుండ మీద దీపం. ఒక చెయ్యి కుండను పట్టుకుంది, రెండో చెయ్యి పిల్లను పట్టుకుంది. గాలి విసిరినప్పుడల్లా పక్కనున్న ఆమె తన దీపం సంగతి మరిచి వదిన దీపానికి అరచెయ్యి అడ్డం పెడుతోంది. నూనె చుక్క ఒకటి వేపాకు మీంచి జారి వదిన చెంప మీద పడింది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. సరిగ్గా ఇప్పుడే ఎదురుగా పోయి "వదినా, ఒక్కసారి తల ఇటు తిప్పి నవ్వు" అనండి. ఎన్టీఆర్ కట్టిన సినిమా స్టూడియో నాచారంలోనే ఉంది కదా, దర్శకత్వం ఆ గాలిలోనే ఉంటుందనుకోవాలి.

తర్వాత చరిత్ర చెప్పండి. ఉజ్జయినికి పోయిన పటాలంలో పనిచేసిన సురిటి అప్పయ్య, 1813లో జంటనగరాల్లో కలరా ప్రబలితే ఉజ్జయిని అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో ప్రతిష్ఠ చేశాడనీ చెబుతారు. దీన్ని క్యూలో ఉన్న ముసలమ్మకు వివరంగా చెప్పండి. ఆమె చివరిదాకా విని, "మా పోచమ్మ అంతకుముందే ఉన్నదయ్యా" అంటుంది. 2014లో ఇది రాష్ట్ర పండుగైంది తెలుసా అని మీరు అడిగితే, "అయ్యిందా, మంచిది" అని ముందుకు జరుగుతుంది.

పోతరాజు వస్తాడు. ఒంటినిండా పసుపు, ఎర్ర బట్ట, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. అమ్మవారికి తమ్ముడు, మీకు సెల్ఫీ. శనివారం దాకా ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు చేసిన మనిషే అయ్యుండొచ్చు, కానీ ఇవాళ ఆయన దారి ఆయనది. కొరడా ఎంత దూరం వస్తుందో అంచనా వేయకుండా వెనక నుంచి భుజం మీద చెయ్యి వేయండి. అంచనా ఆయనే వేసి చూపిస్తాడు.

ఫ్లెక్సీల సంగతి పిల్లలకు వదిలేయండి. చేతులు జోడించిన నాయకులు, ఉపనాయకులు, వాళ్ల మేనల్లుళ్ల మధ్య అమ్మవారు ఎక్కడున్నారో ముందు కనుక్కున్నవాళ్లకు ఐస్‌క్రీమ్ అనండి. అన్నట్టు, ఒక్క ఫ్లెక్సీలోనూ బోనం ఎత్తినామె పేరుండదు. మోసినవాళ్లకు ప్రచారమెందుకు, వాళ్లు ఎలాగూ వచ్చే ఏడూ మోస్తారు.

ఇక భోజనం. మటన్ అందరికీ పెట్టి చివరికి ఆడవాళ్లు కూర్చునేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. గిన్నెలో ముక్కలు తగ్గి పులుసు మిగిలే ఆ సమయానికి మీరు రెండోసారి ఆకలి తెచ్చుకుని "నల్లి బొక్క ఇంకేమన్నా ఉందా పెద్దమ్మా?" అని అడగాలి. ఉండదు. అయినా ఆమె తన పళ్లెంలోంచి తీసి వేస్తుంది. డైటింగ్‌లో ఉన్నానని ఈ లోపల ఎవరితోనూ అనకండి.

చీకటి పడ్డాక తొట్టెలు, ఫలహారం బండి, తీన్మార్. వంట చేసిన ఆడవాళ్లు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేస్తారు. డీజే ముందు ఒక అడుగు వేయండి, రెండో అడుగు దానంతటదే పడుతుంది. ఇందులో సూచన అవసరం లేదు, మీ మామయ్యనే చూడండి, మోకాలి నొప్పి ఎటు పోయిందో.

బయల్దేరేటప్పుడు కారు తలుపు దగ్గర యూత్ పిల్లలు నలుగురు నిలబడి ఉంటారు. సాయంత్రం మైకులో నంబరు చదివింది వీళ్లే, కారు ఎవరిదో ఈ పాటికి బాగా గుర్తు. బోనాల చందా అనుకుని జేబులో చెయ్యి పెట్టకండి. అది మీ పేరు మీద మామయ్య పొద్దున్నే ఇచ్చేశాడు. వీళ్ల చేతిలో ఉన్నది వినాయక చవితి రసీదు బుక్కు. "అన్నా, ఈసారి పెద్ద విగ్రహం పెడుతున్నం, మీ పేరు మొదటి పేజీలోనే రాస్తున్నం" అంటారు. ఎంత రాయాలో అడగకండి, అంకె ముందే వేసి ఉంచారు.