గంటా ఎనిమిది నిమిషాల్లో పలాస

ఖరగ్‌పూర్ నుంచి పలాసకి విమాన దూరం 500 కిలోమీటర్లు, విమాన సమయం గంటా ఎనిమిది నిమిషాలు. చెప్పింది సెల్‌ఫోను, సెల్‌ఫోను చెప్పాక కాదనడానికి మనమెవరం? కాకపోతే ఓ చిన్న చిక్కుంది. ఖరగ్‌పూర్‌లో మనబోటివాళ్ళు ఎక్కడానికి విమానం లేదు. పలాసలో దిగడానికీ లేదు.

ఖరగ్‌పూర్‌లోని నింపురా రైల్వే క్వార్టర్ల అరుగు మీద ఓ మేనల్లుడు ఈ లెక్క చదివి వినిపిస్తే, రైల్వేలో రిటైరైన మావయ్య వక్కపలుకు బుగ్గన పెట్టుకుని అడిగాడు: "దిగడం ఎక్కడరా? జీడితోటలోనా?"

ఇందులో పెద్ద మర్మమేం లేదు. పటం మీద రెండూళ్ళకీ మధ్య గీత గీస్తారు, గంటకి 800 చొప్పున భాగిస్తారు, లేవడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతారు. ఈ పద్ధతిలో మీ పెరటికీ వంటింటికీ కూడా విమాన సమయం చెప్పొచ్చు, అరగంటకి తగ్గదు.

సొంతూరు పలాసకి గాల్లోనే వెళ్ళి తీరతానన్న మొండివాడి సంగతి చూద్దాం. పలాస నైరుతిలో ఉంది కనక ముందు తూర్పుకి బయల్దేరాలి. లోకల్లో నించుని 115 కిలోమీటర్లు హౌరా. అక్కణ్ణుంచి హుగ్లీ వంతెన దాటి, ట్రాఫిక్‌లో చెమటలు కక్కుతూ డమ్‌డమ్ విమానాశ్రయం. అక్కడ రెండు గంటల పడిగాపులు, బెల్టు విప్పడాలు, అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసాకి వీడ్కోలు. తర్వాత గంటన్నరలో విశాఖపట్నం. కోల్‌కతా నుంచి విశాఖకి తిన్నగా గీత గీసి చూడండి, దాదాపు పలాస నెత్తి మీంచే పోతుంది! సొంతూరు దాటిపోయి, విశాఖలో దిగి, రైలెక్కి 200 కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఆ రైలు హౌరా వెళ్ళేదయితే మరీ జాగ్రత్త. కునుకు పట్టిందా, తెల్లారి మళ్ళీ ఖరగ్‌పూర్‌లోనే తేలతాడు.

ఇదంతా ఎంత చులాగ్గా జరిగినా పదిగంటల పైమాటే. ఇంటి దగ్గర్లోని స్టేషన్లో ఎక్కినవాడు ఎనిమిది తొమ్మిది గంటలు నడుం వాల్చి పలాసలో దిగుతాడు.

ఖరగ్‌పూర్ నుంచి విమానాలు దూరదేశం పోలేదని కాదు. 1944 జూన్ 5న అమెరికా వాళ్ళ బీ-29 బాంబర్లు ఈ చుట్టుపక్కల రన్‌వేల మీంచే బ్యాంకాక్ మీదికి వెళ్ళాయి. వాళ్ళ కమాండు ఆఫీసు ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఉండేది. 1951లో ఐఐటీ మొదలైందీ అందులోనే. ఇప్పటికీ దగ్గర్లోని కలైకుండాలో వైమానిక దళం జెట్లు లేస్తూనే ఉంటాయి. టికెట్లే అమ్మరు.

అలాగని రైలుని వెనకేసుకొస్తున్నాననుకోకండి. సంక్రాంతికి బెర్తు కావాలంటే 60 రోజుల ముందు, పొద్దున్న ఎనిమిదింటికి రిజర్వేషన్ తెరిచే వేళకి వేలు సిద్ధంగా ఉండాలి. కాస్త ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టే. దాన్ని గంటకి 800 చొప్పున భాగించే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.