భారతం మిట్ట మీద చాప

ఏమిరా అబ్బయ్యా, తాతకు పొద్దు పోవడం లేదని పార్కులో నవ్వుల క్లబ్బులో చేర్పిస్తానంటావా? పొద్దున్నే ముసలోళ్లంతా వరసగా నిలబడి, ఎవరో చెయ్యి ఊపగానే హహ్హా అని నవ్వాలంట. నవ్వు రావాలంటే ఒక మాట కావాలి, ఆ మాట చెప్పే మనిషి కావాలి. మా రోజుల్లో నవ్వడానికి చందా కట్టలేదు నాయనా.

అసలు రిటైరవడం అంటే ఏమిటో మా నాయనకు తెలియదు. సేద్యగాడికి రిటైర్మెంటు ఎక్కడిది? కాళ్లాడినన్నాళ్లు మడి, కాళ్లు ఆగినాక అరుగు. సర్కారు కొలువు చేసేవాళ్లకే ఈ లెక్కలన్నీ. 1983లో ఎన్టీఆర్ రిటైరయ్యే వయసును 58 నుంచి 55కు దించేస్తే, నిన్నటిదాకా బడిలో బెత్తం పట్టుకున్న అయ్యవార్లు తెల్లారేసరికి ఇంట్లో కూర్చున్నారు. తర్వాత మళ్లీ 58 అయింది, 2014లో 60, 2022లో 62. ఏ వయసులో ఇంటికి పంపినా, ఆ మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఏ జీవోలోనూ రాయలేదు. మాకు అది రాయాల్సిన పని పడలేదు. మాకు భారతం ఉండేది.

నీకు భారతం అంటే సెల్లులో వచ్చే సీరియల్. మా చిత్తూరు పల్లెల్లో భారతం అంటే ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు మిట్ట మీద పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఎండాకాలం, కొబ్బరాకు పందిరి, కింద ఈతచాపలు. ముందు వరస ముసలోళ్లది. భాగవతారు చిడతలు ఆపి పద్యానికి అర్థం చెబుతుంటే, ముందు చాప మీది పెద్దాయన ఒకాయన తల అడ్డంగా ఊపేవాడు. అంతే, భాగవతారు కథ ఆపి, 'చెప్పండి స్వామీ' అనేవాడు. ఆయన తనకు తెలిసిన అర్థం చెప్పేవాడు, వెనక నుంచి ఇంకొకాయన కాదనేవాడు, ఆడవాళ్ల వైపు నుంచి ఒక అవ్వ ఇద్దరికీ సర్దిచెప్పేది. ఆ అవ్వకు సంతకం రాదు, ఉద్యోగపర్వం మాత్రం నోటికొచ్చు. చెనిక్కాయలు నములుతూ మేం పిల్లలం అది వింటూ కూర్చునేవాళ్లం. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కే రోజు, చివరన మట్టితో చేసిన అంతెత్తు దుర్యోధనుడు కూలే రోజు, మా తాతల భుజాల మీదే మాకు చోటు.

1990ల మొదట్లో మన జిల్లాలో పెద్దలకు అక్షరాలు నేర్పే ఉద్యమం వస్తే దానికి 'అక్షర తపస్మాన్' అని ఆ తపస్సు మాను పేరే పెట్టుకున్నారు. పగలు పొలంలో చేసిన పెద్దవాళ్లు రాత్రి లాంతరు కింద పలక పడితే, పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు నువ్వు నాకు ఫోను నేర్పేది ఎట్లా? 'ఇక్కడ నొక్కు తాతా' అంటావు, నా వేలు పోయేలోగా నువ్వే నొక్కేస్తావు. నేర్పేవాడికి ఓపిక లేకపోతే నేర్చుకునేవాడు ఏం చేస్తాడు?

మొన్న మీ నాయన చెప్పినాడు, ఫ్రాన్సులో టూలూజ్ అనే ఊళ్లో 1973లోనే రిటైరైన వాళ్లకోసం విశ్వవిద్యాలయం పెట్టినారంట. మంచిదే. మన తిరుపతి సంగతి కూడా విను. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు, ఆ తర్వాతే తిరుపతికి వచ్చి అన్నమయ్య రాగిరేకుల పాటల పని తలకెత్తుకున్నారు. వందకు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. పింఛను తీసుకునే వయసులో ఆయన చేసిన పనిని ఊరూరా పిల్లలు పాడుకుంటున్నారు. ఆయన్ను ఎవరూ నవ్వుల క్లబ్బుకు పంపలేదు.

ఇప్పుడు మాకంటూ ఉన్నదేమిటి? 2020లో రైలు టిక్కెట్టు రాయితీ తీసేశారు. మదనపల్లెలో ఉన్న స్నేహితుడిని చూడాలన్నా బస్సులో నడుము విరగాల్సిందే. 2022లో జిల్లాను పంచేశారు, ఇప్పుడు ఆయన ఊరు వేరే జిల్లా. పెన్షనర్ల భవనానికి పోతే పేపరూ, క్యారమ్ బోర్డూ, డీఏ బకాయిల మాటలూ. అందరివీ ఒకే వయసు తలలు. పొగాకు కంపు కొట్టే ఆ భారతం పందిట్లో నేను విన్నట్టు, ఇక్కడ వినే పిల్లకాయ ఒక్కడూ ఉండడు.

ఉన్న మాట చెప్పాలి. అప్పుడు చాలా ఇళ్లలో ముసలమ్మలు పొయ్యి దగ్గరే మిగిలిపోయేవాళ్లు. ఈనాడు తిరుమల బ్రహ్మోత్సవాల్లో అరవై దాటిన ఆడవాళ్లు మాడవీధుల్లో కోలాటం వేస్తుంటే నా కళ్లు చాలవు. 2000లో మొదలైన శ్రీవారి సేవలో రిటైరైన టీచర్లు, బ్యాంకు వాళ్లు అన్నప్రసాదం వడ్డిస్తున్నారు. ఆ రెండూ మంచివి, ఎందుకంటే అక్కడ వాళ్లతో జనానికి పని ఉంది.

కాబట్టి నన్ను పార్కుకు పంపొద్దు. వచ్చే ఎండాకాలం భారతం పెట్టినప్పుడు ఆ ఫోను ఇంట్లో పెట్టి నాతో రా, ముందు చాప మీద నా పక్కన కూర్చో. పద్యం అర్థం కాకపోతే అడుగు. ముసలివాళ్లకు మీరు చేయగలిగిన మేలు అదొక్కటే.